దీపం ఆర్పాక ఏడ్చే మనిషి

ప్రియమైన అక్కకి,

కొత్త ఉద్యోగం నిలబడిందా అని అడిగావు. నిలబడడమేమిటి, పరుగెడుతోంది! చీకటి పడ్డాక పాత గుడి శిథిలాల్లో తిరుగుతూ దయ్యం కథ వినడానికి జనం టిక్కెట్టు కొనుక్కుని మరీ వస్తున్నారు. బస్టాండు గోడ మీద నా ఫొటో కూడా అతికించారు, తెలుసా!

మొదట్లో ఇక్కడివాళ్లు చెప్పుకునే తల లేని కాపలావాడి కథే చెప్పాను. భయపడతారనుకుంటే పకపకా నవ్వారు. ఇక లాభం లేదని నేనే ఒక దయ్యాన్ని తయారుచేశాను. ఒక తల్లి తన ఇద్దరు ఆడపిల్లల్ని మెట్ల మీద కూర్చోబెట్టి, "ఇప్పుడే వస్తా" అని గుడిలోకి వెళ్లి మరి తిరిగిరాలేదు. ఇప్పుడు ఆ పిల్లల కోసమే స్తంభాల మధ్య తిరుగుతూ ఉంటుంది. పగిలిన గర్భగుడి ముందు నిలబడి, "ఎంత వెతికినా పిల్లలు దొరకరు. దొరకకూడదు కూడా" అని చేతిలో లాంతరు ఉఫ్ మని ఆర్పేస్తాను. కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి! మళ్లీ వెలిగించేసరికి మీసాలవాళ్లు కూడా ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ఉంటారు.

కోప్పడకు. నీ మోకాళ్లు ఎలా ఉన్నాయి?

నీ
చిట్టి

చిట్టితల్లికి,

నా మోకాళ్ల సంగతి తర్వాత. ఆసుపత్రి దుప్పట్లు ఉతికే గదిలో, ఆ ఆవిరి మధ్య నిలబడి నీ ఉత్తరం చదివాను. ఒళ్లు మండింది. ఇల్లు కాలి ఒకరు ఏడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడట వెనకటికెవడో. నీ వ్యవహారం అలాగే ఉంది.

"ఇప్పుడే వస్తా" అన్న మాట ఎవరిదో నీకు తెలియదూ? అమ్మ వెళ్లిపోయిననాడు నువ్వు నా చంకలో ఉన్నావు. నీకు ఆకలి తప్ప ఇంకేమీ తెలియదు. గుమ్మంలో కూర్చుని వీధి వంక చూసింది నేను. తిట్టుకునే హక్కు ఎవరికైనా ఉంటే అది నాకుంది, నేనే ఆవిడని దయ్యాన్ని చెయ్యలేదు. ఉందో పోయిందో కూడా తెలియని మనిషిని నువ్వెలా చేశావే? ఆ కథ మార్చు. తల లేనివాడే నయం, వాడికి పిల్లలు లేరు.

వేళకి తిను.

నీ అక్క

అక్కా,

నీ కోపం చల్లారాక రాద్దామని ఇన్నాళ్లూ ఆగాను. కథ మార్చలేదు. ఇప్పుడు మార్చాలన్నా భయంగా ఉంది. నవ్వకు.

కొన్నాళ్లుగా లాంతరు ఆర్పగానే చీకట్లో ఎవరో ఏడుస్తున్నారు. నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని కుమిలిపోతున్నట్టు ఉంటుంది. వెలిగించి చూస్తే అందరూ టిక్కెట్టు కొనుక్కుని వచ్చినవాళ్లే, బెదురుచూపులు చూస్తూ ఉంటారు. అదీ ప్రదర్శనలో భాగమే అనుకుని చప్పట్లు కొడతారు. గేటు దగ్గర టిక్కెట్లు చింపే తాతయితే, "ఏడవడానికి మనిషిని భలే కుదిర్చావమ్మా" అని మెచ్చుకున్నాడు. నేనెవరినీ కుదర్చలేదక్కా! కల్పించిన దయ్యం నిజమై వచ్చి కూర్చుందేమోనని నిద్ర పట్టడం లేదు. ఉద్యోగం మానేద్దామా అనిపిస్తోంది.

ఒక్కటే వింతగా ఉంది. ఏడుపు ఆగగానే తుమ్ములు వినిపిస్తాయి. చిన్నపిల్ల తుమ్మినట్టు, ఒకదాని వెంట ఒకటి.

నీ
చిట్టి

చిట్టీ,

దయ్యాలు తుమ్మవే.

అమ్మకి ఏడుపు ఆగిందంటే తుమ్ములు మొదలయ్యేవి. నేను పెద్ద ఆరిందాలా "చిరంజీవ" అనేదాన్ని. ఎంత ఏడ్చిన మొహంతోనైనా నవ్వేసేది. ఇవన్నీ నీకెప్పుడూ చెప్పలేదు. ఆవిడ మీద నువ్వు ఆశ పెంచుకుంటావని భయం.

నీది నా పోలిక, నాది ఆవిడ పోలిక. బస్టాండు గోడ మీద నీ ఫొటో చూసి ఉంటుంది. వచ్చి, చీకట్లో నిలబడి, "దొరకకూడదు కూడా" అన్న మాట నీ నోటితోనే వింటోందన్నమాట.

మడతపెట్టిన దుప్పట్లే విప్పి మళ్లీ మడతపెడుతున్నాను. ఏం చెయ్యమని చెప్పను? నాకే తెలియడం లేదు.

అక్క

ప్రియమైన అక్కకి,

నీ ఉత్తరం చూశాక సెలవు పెడదామనుకున్నాను. కాళ్లు మాత్రం గుడివైపే లాగాయి. కథంతా ఎప్పటిలాగే చెప్పాను. "ఎంత వెతికినా పిల్లలు..." దగ్గర ఆగిపోయాను. ఇక ఆ మాట పూర్తిచెయ్యకుండానే దీపం ఆర్పేశాను. ఏడుపు వినిపించింది. అది ఆగేదాకా కదలకుండా నిలబడ్డాను. తుమ్ము వచ్చింది.

"చిరంజీవ" అన్నాను.

జనం గొల్లున నవ్వారు. అందరూ ఆపాక కూడా ఒక్క నవ్వు ఆగలేదు, ఆ నవ్వే మళ్లీ ఏడుపైంది. నా చేతుల్లో అగ్గిపుల్లలు విరిగిపోతున్నాయి. ఎలాగో వెలిగించాను. స్తంభానికి ఆనుకుని, నెరిసిన జుట్టుతో, అచ్చం నీ ముఖం. రోజూ కొంగు ముఖం మీదికి లాక్కుని అందరికన్నా వెనక నిలబడే మనిషే అక్కా. ఎన్నోసార్లు "మెట్టు చూసుకోండమ్మా" అని చెయ్యి కూడా అందించాను.

ఇప్పుడు నా మంచం చివర ముడుచుకుని కూర్చుంది. ఎందుకు వెళ్లిపోయావని అడిగాను. చెప్పింది. నాకు చాలలేదు, నీకూ చాలదు. "డబ్బిచ్చి మరీ తిట్టించుకున్నావా?" అంటే, "నీ గొంతు వినడానికొచ్చేదాన్ని. తిట్లకేముందిలే, ఉన్నమాటేగా" అంది. క్షమించానా అంటే నాకు తెలియదు. వెళ్లమని మాత్రం అనలేకపోయాను.

నిన్ను చూడాలని ఉందట. రావడానికి భయపడుతోంది. "పెద్దది తలుపేసేస్తే మళ్లీ తట్టే ధైర్యం నాకు లేదే" అంది. రమ్మనడానికి నేనెవరిని? ఆ గుమ్మంలో కూర్చున్నది నువ్వు.

అందుకే ఈసారి జవాబు నాకు కాదు, తనకి రాయి. తిట్టాలనుంటే తిట్టు, కానీ రాయి. తను చదివేటప్పుడు లాంతరు పట్టుకుని పక్కనే ఉంటాను. ఆర్పను.

నీ
చిట్టి