పద్నాలుగో ప్లాటు నీళ్లు

మే 9
గంగాధర్ ఇవాళ మా మట్టి పరీక్షల ల్యాబుకు వచ్చాడు. నన్ను గుర్తుపట్టలేదు. నేను గొంతు వినగానే గుర్తుపట్టాను.
బోధన్ దగ్గర చెరకు చేను కొని ప్లాట్లు చేశాడట. సెప్టిక్ ట్యాంకులకు నేల పనికొస్తుందని రిపోర్టు చూపిస్తేనే కొంటామని జనం పట్టుబడుతున్నారట. "మేడం, జర జల్దీ చేసియ్యున్రి" అని చేతులు జోడించాడు. జోడించు. ఇంకా జోడించు.

మే 10
బాపు ఫొటో తుడిచాను. నాన్న పోయి ఆరేళ్లయింది.
గంగాధర్ అమ్మిన ప్లాటులోనే ఇల్లు కట్టుకున్నాం. పక్కింటి మరుగుదొడ్డి గుంతకూ మా బోరుకూ నడుమ పది అడుగులు లేదు. నీళ్లు వాసనొస్తున్నాయని బాపు ఎన్నిసార్లు వాడి గుమ్మం ఎక్కాడో. చివరికి కామెర్లు... దినాలనాడు వాడు మా వాకిట్లో నిలబడి అందరి ముందూ అన్నాడు: "మీ ఇంట్ల సాఫ్‌సఫాయి లేక ఒచ్చిన బీమారి. నా ప్లాట్ల ఏం ఖరాబ్ లేదు." మా వాళ్లే తలలూపారు. ఆ తలలు కూడా గుర్తున్నాయి నాకు.

మే 14
బోధన్. మూడు చోట్ల గుంతలు తవ్వించి, అడుగున సన్న కంకర పోసి, నీళ్లు నింపి వచ్చాను. రేపటిదాకా నానాలి. పద్నాలుగో ప్లాటులో అప్పుడే పునాది లేస్తోంది. ఎవరికో మహా తొందర.
నల్లరేగడి. ఇది నీళ్లు తాగే మట్టి కాదు. తాగకపోతే సెప్టిక్ ట్యాంకుకు పనికిరాదు. తాగకూడదు.

మే 15
తాగింది.
మళ్లీ నింపి, అరగంటకోసారి స్కేలు పెట్టి చూశాను. నీళ్లు దిగుతూనే ఉన్నాయి. మూడు గుంతలూ పాస్. బస్సులో ఏడుపొచ్చింది.

మే 16
ఒక్క అంకె మారిస్తే చాలు, ఫెయిల్. పెన్ను మూత తీశాను, పెట్టాను, తీశాను.
మార్చలేదు. నీతి అనుకుంటే అబద్ధం. పట్టుబడితే వాడు నవ్వుతాడని భయం.

మే 20
స్కేలు అక్కడే మరిచిపోయానని మళ్లీ వెళ్లాను. ఆ చేనులో ఏళ్ల తరబడి చెరకు కొట్టిన సాయవ్వ గట్టు మీద కూర్చుని ఉంది.
"గిప్పుడేం సూస్తవ్ బిడ్డా, కాలువ బంద్ ఉన్నది. నిజాంసాగర్ నీళ్లు ఇడిసినంక రా. గీడ మోకాలు లోతు తవ్వితే నీళ్లూరుతయి."
ఇన్నేళ్లుగా ఈ పని చేస్తున్నాను, కాలువ సంగతి అడగాలని తోచలేదు. సిగ్గు. కానీ సాయవ్వ కాళ్లు మొక్కాలనిపించింది. ఊట అంత పైకొస్తే మరుగుదొడ్డి గుంతల మురుగు బోర్లలో కలుస్తుంది, ప్లాట్లు ఫెయిల్.

జూన్ 2
గంగాధర్ ఫోన్. "మేడం, రిపోర్టు ఏమాయె?" పరీక్ష పూర్తి కాలేదన్నాను. నిన్న కూడా అదే చెప్పాను. ఎదురుచూడు. నీ గుమ్మంలో బాపు ఎదురుచూడలేదా?

జూన్ 19
వేరే ల్యాబు వాళ్లు పాస్ రాసిచ్చేశారట. అమ్మకాలు మొదలు. అమ్ముకో. కాలువ రానీ.

జూలై 12
కాలువ విడిచారు.

జూలై 27
అవే గుంతల పక్కన కొత్తవి తవ్వించాను. మోకాలు లోతు కూడా కాలేదు, నీళ్లు ఊరాయి. నేను చుక్క పోయలేదు. స్కేలు నిలబెట్టి ఫొటోలు తీశాను. బాపు పోయాక ఇంత సంతోషం ఎరగను.
రిపోర్టు రాశాను. ప్రతి అంకె నిజమే. కానీ ఇప్పుడే బయటపెట్టను. ప్లాట్లన్నీ అమ్ముడుపోనీ. కొన్నవాళ్లంతా ఒకేసారి వాడి గల్లా పట్టాలి. అప్పుడు వాడి వాకిట్లో నిలబడి చదువుతాను, గట్టిగా.

ఆగస్టు 30
ఇంకా తొమ్మిది మిగిలాయి. ఓపిక పడుతున్నాను.

సెప్టెంబర్ 20
ఇంకోసారి నీటి మట్టం చూద్దామని వెళ్లాను. పద్నాలుగో ప్లాటులో ఇల్లు పూర్తయింది, కాపురం కూడా పెట్టేశారు. బోరు ఇక్కడ, మరుగుదొడ్డి గుంత అక్కడ... ఎనిమిది అడుగులు ఉంటుందేమో.
బయటికొచ్చిన పిల్లకు ఏడో నెల కడుపు. గంగాధర్ కూతురట.
"అన్నిట్ల మంచి ప్లాటు అని మా బాపు ముందుగాల నాకే ఇచ్చిండు అక్కా."
అంటే ఈ ఊట సంగతి వాడికీ తెలియదు. కన్నకూతురికి ఇచ్చాడంటే తెలియదు. వేరే ల్యాబు రాసిచ్చిన పాస్‌ను నమ్మాడు, అంతే. తెలిసింది నా ఒక్కదానికే, రెండు నెలలుగా.
"ఎండల ఒచ్చినవ్, నీళ్లు తాగు అక్కా." గ్లాసు చేతికిచ్చింది. ఇప్పుడే తాగానని తిరిగి ఇచ్చేశాను. పారబోయడం ఎందుకని ఆ పిల్లే తాగేసింది. నేను చూస్తూ నిలబడ్డాను.
ఏదైనా పని ఉంటే చెప్పమని నా నంబరు ఇచ్చి, తన నంబరు తీసుకుని వచ్చాను.

సెప్టెంబర్ 21
రిపోర్టు సంచిలోనే ఉంది. ఇప్పుడు చెబితే తొమ్మిది ప్లాట్లు మిగిలిపోతాయి, వాడు సగం తప్పించుకుంటాడు. ఇవాళ పొద్దంతా ఆలోచించింది ఇదే. ఛీ.

సెప్టెంబర్ 22
ఆ పిల్లకు ఫోన్ కలిపాను. మోగుతుండగా పెట్టేశాను.
తనే తిరిగి చేసింది. "అక్కా, ఫోన్ చేసినవా?"
చేశానన్నాను. సంచిలోంచి రిపోర్టు తీసి ముందు పెట్టుకున్నాను. అవతల గిన్నెలో నీళ్లు పడుతున్న చప్పుడు.