మేడమ్ పేరుకు హాజరు

బాపట్ల, జులై 6

ప్రియమైన మీరా,

మన ఆస్పత్రి వైద్యుల సంఘానికి నలభై ఏళ్లు నిండుతున్నాయి. చరిత్ర రాయమని నా నెత్తిన పెట్టారు. ప్రూఫులు పంపుతున్నాను, మొహమాటపడకుండా దిద్దు. సభలో ఎప్పటిలాగే హాజరు పిలుస్తాం. పోయినవాళ్ల పేరుకు వాళ్ల శిష్యులు లేచి పలకాలి కదా. సంఘం పెట్టిన ప్రేమకుమారి మేడమ్ పేరుకు నువ్వే పలకాలి. ఇరవై నాలుగేళ్లుగా పలుకుతున్నావు, గొంతు బాగానే ఉందిగా?

నీ స్నేహితుడు,
శాలేమురాజు

తెనాలి, జులై 15

ప్రియమైన రాజూ,

ఇది ఫోన్లో చెప్పే సంగతి కాదని రాస్తున్నాను.

నిన్న రేపల్లెలో షుగర్ క్యాంపుకి వెళ్లాను. వరసలో కూర్చున్న ముసలావిడ నన్ను చూసి, "ఏంటి మీరాబీ, స్టెత్ తిరగేసి పెట్టుకునే అలవాటు ఇంకా పోలేదా?" అంది. ప్రేమకుమారి మేడమ్! ఒరిస్సాలో పనిచేసి, నిరుడు తమ్ముడి ఇంటికి వచ్చేసిందట. నమ్మలేక, సిగ్గు లేకుండా ఆవిడ నాడి పట్టుకుని చూశాను.

బతికున్న మనిషికి ఇన్నేళ్లు నివాళి అర్పించామా? పోయిందని చెప్పింది నువ్వే. డాక్టరు చెప్పాడు కదా అని, ఎలా పోయిందని మనలో ఒక్కరూ అడగలేదు. నీకెవరు చెప్పారు?

మీరాబీ

బాపట్ల, జులై 19

ప్రియమైన మీరా,

నాకెవరూ చెప్పలేదు.

కాకుమాను బాలింత గుర్తుందా? సంచి మీద చీటీ చూడకుండా వేరే గ్రూపు రక్తం ఎక్కించింది మేడమ్ కాదు, నేను. నాకు కొత్తగా పెళ్లయింది, ఉద్యోగం పోతుందని నా నేరం ఆవిడ తన మీద వేసుకుని వెళ్లిపోయింది. మరుసటి ఏడు మేడమ్‌ను సభకు పిలుద్దామని అందరూ పట్టుబట్టారు. వస్తే నిజం బయటపడుతుందని హడలిపోయాను. కార్యదర్శిగా లేచి, "పోయారండి" అన్నాను. అందరూ నిలబడ్డారు. నువ్వు ఏడ్చావు. ఆ తర్వాత నోరు తెరవలేకపోయాను.

నీకు దణ్ణం పెడతాను, ఆవిడకు చెప్పకు.

శాలేమురాజు

తెనాలి, జులై 24

రాజూ,

చెప్పాను. నీ ఉత్తరమే చదివి వినిపించాను.

ఆవిడకు ఎప్పుడో తెలుసు! మన సంతాప సభ వార్త నీ పేరుతో పేపర్లో పడితే తమ్ముడు కత్తిరించి పంపాడట. ఆ ముక్క ఇప్పటికీ ఆవిడ బైబిల్లో ఉంది. నా కళ్లతో చూశాను. "వాడే వచ్చి చెబుతాడని చూశానే. ఎనభై దాటాను, ఇక నిజంగానే పోతానేమో" అంది. నాకు నీ మీద అసహ్యమేసింది. అంతకన్నా ఎక్కువగా ఏడుపొచ్చింది.

ప్రూఫులు తిప్పి పంపుతున్నాను. మేడమ్ పోయారని రాసిన పేజీ నేను దిద్దలేదు, నువ్వే దిద్దాలి. ఆదివారం మేడమ్‌ను నా కారులో సభకు తెస్తున్నాను. ఎప్పటిలాగే ఆవిడ పేరు నువ్వు పిలువు.

ఈసారి నేను పలకను.

మీరాబీ