సగం విశ్వాసం వద్దన్నాను

శనివారం, రాత్రి.

బోధన్ ఆడపిల్లల కబడ్డీ జట్టును రాష్ట్ర పోటీలకు పంపడానికి పెట్టిన ఆన్‌లైన్ చందాల పేజీ రేపు మధ్యాహ్నం మూతపడుతుంది. సగమే వచ్చింది. మొత్తం నిండకపోతే వచ్చిందంతా ఇచ్చినవాళ్లకే తిరిగి వెళ్లిపోతుంది.

వచ్చినంత చేతికిచ్చే పద్ధతి కూడా ఉండింది. కోచ్ సుజాత అదే పెట్టమంది. "దేవునికి సగం విశ్వాసం అక్కర్లేదు" అని చర్చి ప్రార్థన కూటంలో, పాస్టరుగా అందరి ముందు ఆమెను గద్దించి, నేనే ఇది ఎంచుకున్నాను.

సాయంత్రం ఆమె ఫోన్ చేసింది. "అయ్యగారూ, పిల్లలు బ్యాగులు సదురుకున్నరు. పోతమా, లేదా?"

"ప్రార్థన చెయ్యి బిడ్డా."

"చేస్త. గని మీ గొంతు గట్ల వణుకుతుందేంది?"

బైబిలు ఒళ్లోనే ఉంది. తెరవాలంటే భయంగా ఉంది. ఈ పద్ధతి ఎంచుకునేముందు దేవుణ్ణి ఒక్కసారి కూడా అడగలేదు. మొత్తం నిండుతుందని ఆయన పేరు మీద మాట మాత్రం ఇచ్చేశాను...