అమ్మ ఫస్టియర్

ప్రియమైన బుజ్జికి,

మీ అమ్మ యూనివర్సిటీ స్టూడెంట్ అయిపోయిందే! రాస్తుంటే నాకే నవ్వొస్తోంది. హాస్టల్లో ఫోను ఒక్కటే. నాలుగు మాటలు మాట్లాడేసరికి వెనక నుంచి "ఆంటీ, తొందరగా" అని గొణుగుడు మొదలు. అందుకే ఈ ఉత్తరం.

మొదటి క్లాసు సంగతి విను. నేను గుమ్మంలో అడుగు పెట్టగానే పిల్లలందరూ ఠక్కున లేచి నిలబడ్డారు, లెక్చరర్ననుకుని! నేను వెళ్ళి మూడో బెంచీలో సర్దుకు కూర్చునేసరికి ఒకటే గోల. నా వెనకాలే గడ్డం మాస్టారొచ్చారు, మాకు జియాలజీ చెప్పేది ఆయనే. పాపం, ఆయనకి ఒక్కళ్ళూ లేవలేదు.

నా గదిలో ఉన్న అమ్మాయిది నీ ఈడే. అందరూ సుడిగాలి అంటారు. తువ్వాలు నా మంచం మీద, పుస్తకాలు తన మంచం కింద. వచ్చీ రాగానే "మీరు గురక పెడతారా?" అంది. "నిద్రపోయేదాన్ని నన్నడిగితే ఎలాగే?" అన్నాను. అంతే, కలిసిపోయాం.

ఊరంతా కలిపి ఒక పెద్ద రోడ్డు, దానికి అటూ ఇటూ జిరాక్సు షాపులూ టీ కొట్లూ. ఎవరు కనబడినా "ఏ డిపార్ట్‌మెంటు?" అనే పలకరింపు. చెప్పుల షాపాయన నన్నూ అడిగాడు. "జియాలజీ, ఫస్టియర్" అన్నాను. మళ్ళీ ఆ మాట అనడం కోసమే ఇంకో జత కొనబుద్ధేసింది.

క్వారీ ఆఫీసులో టైపు కొట్టినన్నాళ్ళూ కిటికీలోంచి ఆ రాళ్ళనే చూస్తూ గడిపాను. అవి ఎక్కణ్ణుంచి వచ్చాయో ఇన్నాళ్ళకి ఎవరో చెప్తున్నారు. నీ ఫోటో స్టూడియో ఎలా ఉంది? మీ నాన్నని స్టవ్వు దగ్గర ఒంటరిగా వదలకు.

ముద్దులతో,
అమ్మ


ప్రియమైన అమ్మా,

ఆలస్యంగా చెప్పావు. నాన్న గుడ్డు ఉడకబెట్టబోయి గిన్నె మాడ్చాడు. "బస్సు ఇంజను విప్పమను, కళ్ళు మూసుకుని విప్పుతా" అంటూ ఇంకా తోముతూనే ఉన్నాడు. డిపోలో కనబడిన ప్రతి మెకానిక్‌కీ "మా ఆవిడ కాలేజీకెళ్ళింది" అని చెప్పుకుంటున్నాడట.

స్టూడియో బాగానే ఉంది. ఏడ్చే పిల్లల్ని నవ్వించడం, నవ్వే పెద్దల్ని కాస్త ఆపడం. నా దగ్గర మాత్రం మళ్ళీ చదువు ఊసెత్తకు. ఇంటరయ్యాక ఎంట్రన్స్ లెక్కల పరీక్షలో చేతులు వణికి, పేపరు అక్కడే వదిలేసి హాల్లోంచి వచ్చేసినదాన్ని. ఆ ముచ్చట అక్కడితో తీరింది.

ఊరికే అడుగుతున్నాను, నీకు క్లాసులో అర్థం కాకపోతే ఏం చేస్తావు? అందరి ముందూ చెయ్యెత్తుతావా?

నీ
బుజ్జి


ప్రియమైన బుజ్జికి,

ఎత్తుతానే! మొదట్లో సగం చెయ్యే లేపేదాన్ని. ఒకసారి నేను అడిగితే వెనక బెంచీ కుర్రాడు "హమ్మయ్య, నాకూ అదే అర్థం కాలేదు" అన్నాడు. అప్పట్నుంచి డౌటున్న వాళ్ళందరూ నన్ను మోచేత్తో పొడవడమే. క్లాసంతటికీ చెయ్యి నాదే.

అసలు సంగతి ఇది కాదు. నిన్న మమ్మల్ని కొండకి తీసుకెళ్ళారు. ఒక పలక లాంటి రాయి చేతికొస్తే సుత్తితో చిన్న దెబ్బ వేశాను. పుస్తకం తెరిచినట్టు రెండుగా విడిపోయింది. లోపల గవ్వ! గవ్వ అచ్చు, గీతలతో సహా! కొండ మీదే! గడ్డం మాస్టారు మోకాళ్ళ మీద కూర్చుని చూశారు. "ఇక్కడ సముద్రం ఉండేదమ్మా. ఈ గవ్వని చూసిన మొదటి మనిషి మీరే" అన్నారు. బుజ్జీ, నేను ఏడ్చేశాను. సుడిగాలి నన్ను వాటేసుకుని గంతులేసింది. బస్సులో వచ్చేదాకా ఆ రాయి ఒడిలోంచి దించలేదు.

సంబరంతో,
అమ్మ


ప్రియమైన బుజ్జికి,

నీ కార్డు అందింది. అన్నీ ప్రశ్నలే. హాస్టల్లో గాలి వస్తుందా, లైబ్రరీలో చోటు దొరుకుతుందా, లెక్చరర్లు కసురుతారా. నామీద బెంగ పెట్టుకున్నావు కదూ? ఇక అక్కర్లేదులే.

జియాలజీ వాళ్ళకీ లెక్కల పేపరు ఉంటుంది. ఫస్టియర్ పరీక్షల్లో అదే తప్పాను. నోటీసు బోర్డు దగ్గర గుంపులో నిలబడి చూసుకున్నాను. నా వెనక ఎవరో "ఆంటీ పోయింది" అన్నారు. వెక్కిరింపు కాదు, జాలి. అదే ఎక్కువ గుచ్చుకుంది. సప్లిమెంటరీ రాయొచ్చట. కానీ ఈ వయసులో నాకెందుకే ఇదంతా? బట్టలు సర్దుకున్నాను. మీ నాన్నతో చెప్పు, ఈ వారంలో వచ్చేస్తాను.

అమ్మ


అమ్మా,

రావద్దు.

ఎందుకని అడక్కు, ఇప్పుడు చెప్పలేను. నువ్వొస్తే నేను తలుపు తియ్యను, నాన్ననీ తియ్యనివ్వను. ఆ బట్టలన్నీ మళ్ళీ బయటికి తీసి, సప్లిమెంటరీకి కూర్చో. తప్పితే మళ్ళీ తప్పు. కానీ కూర్చో.

బుజ్జి


ప్రియమైన బుజ్జికి,

పాసయ్యాను! అత్తెసరు మార్కులే, అయినా పాసే! సుడిగాలి కారిడార్లో బకెట్టు వాయిస్తూ ఊరేగించింది. గడ్డం మాస్టారు చెయ్యి కలిపి "సెకండియర్‌కి రండి" అన్నారు.

ఒక్కటే మనసులో కలుక్కుమంటోంది. సొంత ఇంటికి రావద్దన్నావు. ఆ ఉత్తరం చదివి రోజంతా అన్నం తినలేదు. కోపంతోనే పుస్తకం తెరిచాను. మీ నాన్నకి ఫోన్ చేస్తే వాన పడుతోందనీ ఎండ కాస్తోందనీ తప్ప ఇంకో ముక్క చెప్పడు. ఇంట్లో ఏం జరుగుతోందే? ఏదైనా సరే, నాకు చెప్పు.

అమ్మ


ప్రియమైన అమ్మా,

నాన్నని ఏమీ అనకు. నేనే ఒట్టు వేయించుకున్నాను. వేరే మాట ఎత్తితే నోరు జారతానని వాతావరణం పట్టుకున్నాడు.

మీ యూనివర్సిటీకి ఎంట్రన్స్ రాశాను. నువ్వు గవ్వ గురించి రాసిన రోజే అప్లికేషన్ పంపాను. తీరా పరీక్ష దగ్గరపడ్డాక నువ్వు వచ్చేస్తానని రాశావు. నా కాళ్ళ కింద నేల కదిలిపోయింది. అక్కడ నేను ఏ పేపరు తప్పినా పక్కన నువ్వుంటావన్న ధైర్యంతోనే కదా నేను వెళ్ళబోయింది! నిజం చెబితే నాకోసం ఉండిపోతావు. నువ్వు నీకోసమే ఉండాలనుకున్నాను, అందుకే చెప్పలేదు. నిన్ను ఏడిపించానని నాకు తెలుసు. నేనూ ఏడ్చాను.

హాల్లో మళ్ళీ చేతులు వణికాయమ్మా. లేద్దామని పెన్ను మూతపెట్టాను కూడా. అదే వారం నీ సప్లిమెంటరీ. అమ్మ తను తప్పిన పేపరు ముందే మళ్ళీ కూర్చుని ఉంటుంది కదా అనిపించింది. మూత తీశాను. బెల్లు కొట్టేదాకా రాస్తూనే ఉన్నాను.

సీటొచ్చింది! లెక్కల డిపార్ట్‌మెంటులో! అవునే అమ్మా, ఆ లెక్కలే! కబురు వినగానే నాన్న నన్ను ఎత్తబోయి నడుం పట్టేసి కూర్చున్నాడు, నవ్వుతూనే ఉన్నాడు. ఒక్కడూ ఉంటాడని బెంగపడితే, "ఇద్దర్నీ చూడ్డానికి ఒకే బస్సు టికెట్టు, నాకు కలిసొచ్చింది" అన్నాడు.

హాస్టల్లో వేరే గది అడిగాను. ఏమనుకోకు, వాళ్ళమ్మతో ఉండే పిల్లని సినిమాకి ఎవరు పిలుస్తారు? సోమవారం పొద్దుటి బస్సుకి వస్తున్నాను. నువ్వు సీనియర్‌వి కాబట్టి ఒక్క మాట వేడుకుంటున్నాను. అందరి ముందూ నన్ను "బుజ్జీ" అని కేకేయకు.

సరే, బస్సు దిగేటప్పుడు ఒక్కసారి కేకెయ్యి.

నీ కూతురు,
ఫస్టియర్