మూడో కెమెరాకు చిక్కాను

తమ్ముడికి అక్క చెప్పి రాయిస్తున్నది. ఒంట్లో బాగానే ఉంది, కంగారు పడకు.

మా కలప అడితి యజమాని నా కాపలాకు బదులు, మనిషిని చూస్తే సైరన్ మోగించే కెమెరా పెడతానన్నాడు. చవకలో మూడు రకాలు తెచ్చి గేటు మీద బిగించి, "అవ్వా, నువ్వు దొంగలా లోపలికి రా, ఏది పసిగడుతుందో చూద్దాం" అన్నాడు. పదకొండేళ్లు దొంగలను తరిమినదానికి ఆఖరికి దొంగ వేషం. గోనెసంచి కప్పుకుని వెళ్లాను. మొదటిది నన్ను చూడనే లేదు. రెండోది నన్ను వదిలేసి కలప మీద కప్పిన పట్టా గాలికి ఊగితే దాని మీద కేకలేసింది. మూడోదాన్ని గోడ వారగా పాకి దాటేశాను. "ఇవన్నీ వెనక్కి పంపేస్తా, నువ్వే ఉండు" అన్నాడు యజమాని. అక్కడితో నోరు మూసుకుంటే బాగుండేది. నా పొగరు ఊరుకోనిచ్చిందా? "మూడోది మంచిదే, పక్క స్తంభానికి ఎత్తుగా కట్టి కిందికి వంచు" అన్నాను. అలాగే కట్టాడు. మళ్లీ పాకాను. రెండు బారలు పోకముందే సైరన్ మోగింది.

ఈ నెలాఖరుతో నా పని సరి. నీ గడప తొక్కనని ఒట్టు పెట్టుకుని వచ్చినదాన్ని, ఇప్పుడు నేనే అడుగుతున్నాను. వసారాలో నా మంచం ఉందా, మరదలు దాని మీద కట్టెలు పేర్చిందా? ఆ మూల ఇంకా కారుతోందా? కారినా సరే. ఎవరైనా అడిగితే మోకాళ్ల నొప్పులకు మానేశానని చెప్పు, తీసేశారని చెప్పకు. జవాబు తొందరగా రాయి. పిల్లలకు నా దీవెనలు. మరదలికి కూడా.