జడ వేసే దిక్కు

అన్నయ్యా,

విగ్గు పంపకు. దానికి బదులు ప్రీ-రాఫలైట్ అనే పాతకాలపు ఇంగ్లండు బృందంలోని చిత్రకారుడి నీటిరంగుల బొమ్మ ఒకటి, మంచి కాగితం మీద వేసిన ప్రింటు తెప్పించుకున్నాను. కిటికీ దగ్గర ఒకావిడ, మోకాళ్లదాకా ఎర్రటి జుట్టు. నా గదిలో అద్దం తీసేసి ఆ మేకుకే తగిలించాను.

క్యాన్సర్ మందులకి నా జుట్టు రాలిపోయినప్పటి నుంచి దువ్వెనలన్నీ దాచేసిన అమ్మ, బొమ్మ చూడగానే మండిపడింది.

"జుట్టు విరబోసుకుని ఏమిటే ఆ అవతారం? జడ వేసే దిక్కే లేదా దానికి?"

"అది నేనేనమ్మా, వచ్చే ఏడాది. నువ్వుండగా నాకు దిక్కు లేకపోవడమేంటి?" అన్నాను.

అమ్మ లోపలికెళ్లిపోయింది. ఇందాక చూస్తే బొమ్మ కింద బల్ల మీద దువ్వెన ఉంది.

నువ్వొచ్చేటప్పుడు రిబ్బను తీసుకురా. పొడుగుది చూసి తే.

నీ చెల్లి