దగ్గు లేని పాటలు

జహీరాబాద్,
18 జనవరి 2026, ఆదివారం.

చిరంజీవి అక్షతకు,

చిన్నాయన బస్వరాజ్ దీవెనలు. ఇక్కడ అందరం క్షేమం అని రాయడం మర్యాద. కానీ చేయి రావడం లేదు బిడ్డా. ఉన్నాం, అంతే.

వచ్చే నెల మీ నాన్న సంవత్సరీకంలో ఆయన పాటలు పెడతానని, శుభ్రం చేసినవే పంపమని మెసేజ్ పెట్టావు. ఈ ఉత్తరంతో పాటు పెన్‌డ్రైవ్ పెడుతున్నాను. పదకొండు పాటలున్నాయి. పన్నెండోది సగమే ఉంది. అదీ పెట్టాను, తీసేయడానికి మనసొప్పలేదు.

మీ చేను ఈసారి కౌలుకిచ్చారు. అల్లం బాగానే దిగుతోందట. ట్రాక్టర్ల కంపెనీలో నాకు మళ్లీ పొద్దటి షిఫ్టు వేశారు. వారమంతా ఎట్లాగో గడుస్తుంది గానీ ఆదివారం వచ్చిందంటే ఏం చేయాలో తోచదు. మీ నాన్న ఝరాసంగం నుంచి షేర్ ఆటోలో వచ్చి మా గుమ్మం ముందు దిగే రోజు కదా.

మా ముందుగది నువ్వు చూడలేదు. చూస్తే నవ్వేదానివి. నాలుగు గోడలకూ బొంతలు వేలాడదీశాం. చవక మైకు, మా తమ్ముడు వాడుకుని పక్కన పడేసిన కంప్యూటరు, అదే మా సరంజామా. మాటకు ముందొచ్చే ఊపిరి మైకుకు తగలకుండా మీ చిన్నమ్మ పిండిజల్లెడ జాలీ ఊడబెరికి, చట్రానికి పాత చున్నీ గుడ్డ బిగించి అడ్డం పెట్టాను. జల్లెడ పోయిందని ఆమె వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఫ్యాన్ వేస్తే హోరు, ఆపితే చెమటలు. మంచి చరణంలో ఉండగా హైవే మీద లారీ హారన్ కొట్టిందంటే పాట మళ్లీ మొదటికే. నేను లారీవాణ్ని తిట్టేవాణ్ని. మీ నాన్న మాత్రం ఆయన పాట ఆయన పాడుకుంటున్నడు తియ్ అని మళ్లీ చిడతలు అందుకునేవాడు.

పన్నెండూ ఆయన సొంతంగా కట్టినవే. ఎక్కడా రాసిపెట్టలేదు, ఆయన నోట్లో తప్ప ఇంకెక్కడా లేవు. అందుకే నాకంత ఆత్రం. ఆయన ఆటో ఎక్కాక నేను కంప్యూటరు ముందు కూర్చుని పాటను శుభ్రం చేసేవాణ్ని. తెర మీద పాట చిన్న చిన్న అలల్లా కనిపిస్తుంది. దగ్గు వచ్చిన చోట తుమ్మముల్లులా నిలువుగా లేస్తుంది. అలవాటైతే వినకుండానే కోసేయొచ్చు. ఎక్కడ కోశానో నువ్వు ఎంత చెవి పెట్టినా దొరకదు. ఆ పనితనం మీద నాకు చాలా గర్వం ఉండేది.

ఇక అమ్మ సంగతి. కిందటేడు జనవరి ఆఖరున దవాఖానలో డాక్టరు పరీక్షల కాగితాలు చూసి, మూడు నెలల ముందు తెస్తే మనిషి దక్కేవాడేమో అన్నాడు. నువ్వు అమ్మ వైపు తిరిగి, ఇంట్ల ఉండి ఏం చూసినవమ్మా అన్నావు. నేను అక్కడే గోడకు ఆనుకుని ఉన్నాను. దినాలు అయ్యాక సంగారెడ్డి వెళ్లిన దానివి, మళ్లీ ఆ గడప తొక్కలేదు.

మీ అమ్మ, మా శాంతమ్మ వదిన, పోయిన ఆదివారం మా ఇంటికి వచ్చింది. పాటలు వింటానంది. పదకొండూ వినిపించాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కదలకుండా కూర్చుంది. చివరికి, గింత మంచిగ పాడిండు గద బస్వరాజూ, ఒక్క దగ్గు గూడ లేదు, మరి నాకెట్ల ఎర్కైతది, లేకుంటే నా చెవులే చెవుడు వడ్డయా అని అడిగింది. నేను టీ తెస్తానని లోపలికి పోయాను. టీ అయ్యాక కూడా చాలాసేపు పొయ్యి దగ్గరే నిలబడ్డాను.

అమ్మ మీద కోపం తగ్గించుకో. సంవత్సరీకం దాకా ఆగకుండా ముందే రా.

ఇట్లు,
మీ చిన్నాయన
బస్వరాజ్

తా.క. కవరు అంటించి మళ్లీ చింపాను. పెన్‌డ్రైవ్‌లో చెత్త అని ఒక ఫోల్డర్ ఉంది. నేను కోసిన దగ్గులన్నీ అందులో తేదీలతో సహా ఉన్నాయి. శ్రావణంలో పాటకు మూడు. దసరా నాటికి పాటకు పద్దెనిమిది. ఇంట్లో ఉంటే బావి దగ్గరికి పోయి దగ్గి వచ్చేవాడట. ఆపుకోలేక ఒకటీ అరా దగ్గితే అల్లం దుమ్మని చెప్పేవాడట. ఆయనే నాతో అన్నాడు. అమ్మకు వినబడనివ్వలేదు. విన్నది నేను.

2024 నవంబర్ 3 నాటి ముక్క చివర మైకు ఆపడం మరిచాను. పదో పాట అయిపోయింది. మీ నాన్న తువ్వాలతో మూతి తుడుచుకుని, దాని మీది ఎర్రమరక నాకు చూపించాడు. శాంతకు చెప్తే పంట ఇడిచిపెట్టి ఇయ్యాల్నే దవాఖానకు తోల్కపోతది, ముందుగాల మనిద్దరం పోయొద్దమా తమ్మీ, ఒక్కన్ని పోవాలంటే భయమైతుంది అన్నాడు. అదంతా అందులో రికార్డయి ఉంది. తర్వాత నా గొంతు. ఇంక రెండే పాటలున్నయి గదన్నా, డాక్టరు పాడొద్దంటే ఆగిపోతయి, గవి అయినంక పోదం అన్నాను. ఆయన సరే అన్నాడు. గొంతు పలకక ఆ రెండు పాటలకు మూడు నెలలు పట్టింది. రెండు కూడా కాదు, ఒకటిన్నర.

ఆ ముక్కను తుడిచేయాలని ఎన్నిసార్లు కూర్చున్నానో లెక్క లేదు. నువ్వు పాటల కంటే ముందు అదే వినాలి. విన్నాక అమ్మకు ఫోన్ చేసి, నీ చెవులు మంచిగనే ఉన్నయని చెప్పు. నాకు చేయకపోయినా సరే.